టెలివిజన్, కంప్యూటర్ల కాలంలో సమ్యక్ సంభాషణ

(2550వ బుద్ధజయంతి సందర్భంగా ఖరగ్‌పూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



టెలివిజన్, కంప్యూటర్లు మన నిత్య సంభాషణను ఏ విధంగా మారుస్తున్నాయో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. బుద్ధజయంతి సభలో టీవీని గూర్చిన ఉపన్యాసమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. మొదట నాకూ అట్లే తోచింది. కాని ఆలోచించిన కొద్దీ ఇది మన సభకు తగిన విషయమేననిపించింది. అష్టాంగ మార్గంలో మూడవ అంగం సమ్యక్ వాక్కు. అసత్యం, చాడీ, పరుషవాక్యం, వ్యర్థప్రలాపం అనే నాలుగింటినీ విడిచిపెట్టుమని తథాగతుడు బోధించాడు. టీవీలో ఈ నాలుగూ ఎంతెంత ఉన్నవో లెక్కించడం తేలిక. ఆ పని నేను చేయబోవడం లేదు. టీవీ నడుస్తున్నప్పుడు మన ఇళ్ళలో ఆగిపోయిన మాటలను గూర్చి మాత్రమే నాలుగు విషయాలు విన్నవించుకుంటాను.

చరిత్ర పాఠాలు చెప్పుకొనేవాడిని కనుక కొంచెం వెనుకకు వెళ్ళనివ్వండి.

మన ఖరగ్‌పూర్ రైలుతో పుట్టిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనునూ, వర్క్‌షాపునూ నెలకొల్పిన తరువాత విశాఖ, గంజాం ప్రాంతాల నుండి మన తాతలు పొట్ట చేతబట్టుకొని వచ్చారు. నాడు శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా కూడ కాదు. మా తాతగారిది వంశధార ఒడ్డున ఒక పల్లె. అక్కడికి చేరువలోనే శాలిహుండం కొండమీద ప్రాచీన బౌద్ధ స్తూపాలు, విహారాలు ఉన్నవని ఆయన ఎరుగడు. ఆ కొండ మీద ఎవరి మాట వినిపించిందో ఆయనకు చెప్పినవారు లేరు. ఊరి బావి వద్దనే మాట్లాడనివ్వని సంఘంలో నుండి వచ్చినవానికి ఈ పట్టణంలో దొరికిన మొదటి సంపద జీతం కాదు, మాట. ప్రక్కన నిలబడి పనిచేసేవాడు బెంగాలీ కావచ్చు, బిహారీ కావచ్చు, ఒడియా కావచ్చు. సుత్తి పట్టినవానితో ఇనుము పట్టినవాడు మాట్లాడక తప్పదు. మథురాకాటి, నిమ్పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల ముందు సాయంకాలం నులకమంచం వేసుకొని కూర్చొన్నవారి భాషలో తెలుగూ, బంగ్లా, హిందీ కలగలిసిపోయాయి.

ఆ మాటలు కేవలం కాలక్షేపం కావు. 1927 ఫిబ్రవరిలో ఈ ఊరి రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు ఆ వార్త నోటి నుండి నోటికే పోయింది. మన తెలుగువారైన వి.వి.గిరిగారు బి.ఎన్.ఆర్. కార్మికోద్యమంలో పనిచేసిన కాలమది. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైనప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ ఇరవై రోజులూ రేడియో ఒక సంగతి చెప్పేది, పెరటి గోడల మీదుగా వచ్చే మాట మరొక సంగతి చెప్పేది. మా అమ్మ రెండవదాన్నే నమ్మేది. ఎందుకని అడిగితే, "రేడియోని తిరిగి అడగలేం గదా" అనేది. నేను తరువాత చదివిన పెద్ద పెద్ద పుస్తకాలలో కూడ ఇంత సూటియైన మాట నాకు కనబడలేదు.

ఇక టెలివిజన్ సంగతి. కలకత్తా దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 9న ప్రారంభమైంది. మా లైనులోనికి మొదటి టీవీ వచ్చేటప్పటికి మరొక పదేళ్ళు పట్టింది. 1987 జనవరిలో రామాయణం ధారావాహిక మొదలైన తరువాత ఆదివారం ఉదయం కాలనీ అంతా ఆ ఒక్క ఇంటి ముందే చేరేది. ఆ ఇంటివారు చెడ్డవారు కారు. ఎవరినీ పొమ్మనలేదు. అయినా ఎవరు కుర్చీలో కూర్చోవాలో, ఎవరు చాపమీద కూర్చోవాలో, ఎవరు కిటికీ బయట నిలబడాలో చెప్పకుండానే అందరికీ తెలిసిపోయేది. మా చెల్లెళ్ళు కిటికీ బయట నిలబడ్డారు. రైల్వే కాలనీలో కులం లేదని అనుకొనే నేను, ఇరవై అయిదేళ్ళ వయసులో, ఆ కిటికీ దగ్గర దానిని మళ్ళీ చూశాను.

మా నాన్నగారు ఏమీ అనలేదు. మరుసటి ఏడు బోనసు డబ్బుతో ఒక నలుపు తెలుపు టీవీ కొని తెచ్చారు. ఇంట్లో పెట్టిన రోజున ఆయన పెట్టిన షరతు ఒక్కటే: ఎవరి పిల్లలు వచ్చినా లోపలికి పిలవాలి, కిటికీ దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఆ ఒకటి రెండు సంవత్సరాలు మా ఇల్లు కిటకిటలాడింది. అంతకు మునుపు మా గడప దాటనివారు కూడ వచ్చి మా చాపమీద కూర్చొన్నారు, మా చెంబుతో నీళ్ళు త్రాగారు. కనుక టీవీని నేను కేవలం నిందించలేను. మా ఇంటి తలుపు కొందరికి అదే తెరిపించింది. అయితే వారందరూ ఒక్కొక్కరుగా తమ ఇళ్ళలో టీవీలు కొనుక్కొన్నారు. మా ఇంటికి రావడం మానివేశారు. తగవు లేదు, అవమానం లేదు, రావలసిన అవసరం తీరిపోయిందంతే. తెరిచిన తలుపును మూసినది కూడ ఆ పెట్టెయే.

ఇప్పుడు మా ఇంటిలోపలి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈ అంశాన్ని అంగీకరించడానికి అసలు కారణం అదే.

మా నాన్నగారు వర్క్‌షాపులో బాయిలర్ పని చేశారు. రివిట్లు కొట్టే చప్పుడులో ముప్పై ఏళ్ళు గడిపినవారికి ఏమవుతుందో ఈ సభలో చాలామందికి స్వానుభవమే. ఆయనకు వినికిడి తగ్గిపోయింది. కాని ఇంట్లో మాకు ఆ లోపం తెలిసేది కాదు. ఎదుటివారి పెదవులు, కళ్ళు చూస్తూ ఆయన అన్నీ గ్రహించేవారు. ముఖం కనబడితే చాలు, మాట అందేది. టీవీ వచ్చిన తరువాత మేమందరం ఒకే దిక్కుకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాం. భోజనం కూడ అటు తిరిగే. మేము మాట్లాడుకోవడం మానలేదు. కళ్ళు తెరమీదనే ఉంచి ఒకరితో ఒకరు నాలుగు మాటలు అనుకొనేవాళ్ళం. చెవులున్నవారికి అది చాలు. ఆయనకు మాత్రం మా వీపులు, చెంపలు మాత్రమే కనబడేవి. తానే కొని తెచ్చిన పెట్టె ముందు, తన పిల్లల మధ్యనే, ఆయన ఒంటరివారయ్యారు. ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో బెంగాల్‌లో లోడ్‌షెడ్డింగ్ ఎంత ఉండేదో మీకు తెలుసు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. మేమందరం ఉసూరుమన్నాం. అమ్మ లాంతరు వెలిగించి నడుమ పెట్టింది. అలవాటుగా మేము లాంతరు వైపు, అనగా ఒకరికొకరం ఎదురుగా తిరిగాం. నాన్నగారు మా ముఖాలన్నీ ఒకసారి కలియజూసి, చిన్నగా నవ్వి, "కరెంటు పోనాది గదా, ఇప్పుడు నాకు బాగా ఇనబడతాది" అన్నారు.

ఆయన హాస్యమాడుతున్నారని మేము నవ్వాం. ఆ రాత్రి ఆయన తన తండ్రిని గూర్చి, సమ్మెనాటి ఆకలిని గూర్చి చాలాసేపు చెప్పారు. కరెంటు వచ్చింది. మేము మళ్ళీ అటు తిరిగాం. ఆయన కథ సగంలో ఆగింది. ఆయన 2001లో కన్నుమూశారు. ఖరగ్‌పూర్ కార్మికోద్యమాన్ని గూర్చి ఈనాడు నేను విద్యార్థులకు గంటసేపు పాఠం చెప్పగలను. మా తాతగారు 1927లో ఏ రోజున పనిలోకి వెళ్ళడం మానారో, ఇంట్లో ఏమి తిన్నారో మాత్రం చెప్పలేను. చెప్పగలిగినవారు నా ప్రక్కనే ఏళ్ళ తరబడి కూర్చొన్నారు.

ఇక్కడ వినయపిటకంలోని ఒక వృత్తాంతం మనవి చేస్తాను. కోసలదేశంలో కొందరు భిక్షువులు కలిసి వర్షావాసం గడిపారు. కలహాలు లేకుండ సుఖంగా ఉండడానికి వారొక ఉపాయం ఆలోచించారు. మూడు నెలలపాటు ఒకరితో ఒకరు అసలు మాట్లాడకూడదని నియమం పెట్టుకొన్నారు. అవసరమైతే చేతితో సైగ చేసుకొనేవారు. వర్షావాసం ముగిసిన పిమ్మట శ్రావస్తికి పోయి, తాము ఎంత ప్రశాంతంగా గడిపారో తథాగతునికి సంతోషంగా నివేదించారు. ఆయన మెచ్చుకోలేదు. పశువుల వలె ఒకచోట ఉండి, సుఖంగా ఉన్నామనుకొంటున్నారని మందలించాడు. అట్టి మౌనవ్రతాన్ని నిషేధించి, వర్షావాసం చివర ప్రవారణ జరుపుకొనుమని విధించాడు. ప్రవారణ అనగా ఆహ్వానం. ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చొని, నాలో మీరు చూసినదీ, విన్నదీ, అనుమానించినదీ ఏ దోషమున్నా కరుణతో చెప్పండి, తెలిస్తే దిద్దుకొంటాను అని కోరాలి.

ధ్యానమౌనాన్ని ఆయన గౌరవించాడు. ధమ్మచర్చ గాని, ఆర్యమౌనం గాని భిక్షువులకు తగినవని చెప్పినదీ ఆయనే. కాని ఒకరినొకరు తప్పించుకోవడానికి పాటించే మౌనం ఆర్యమౌనం కాదు. ఈనాడు అనేక గృహాలలో సాయంకాలం ఏడు గంటల నుండి పదింటివరకు తగవులేమీ లేవు. అందరూ సుఖంగానే ఉన్నారు. కోసలదేశపు భిక్షువులూ అట్లే ఉన్నారు. మన ఇంటిలో తగ్గినది శబ్దం కాదు. నీకు ఎట్లా ఉంది, నా వలన ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగే ఆ ఆహ్వానం తగ్గింది.

రెండవ సంగతి మన భాషకు సంబంధించినది. 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్ళు వచ్చాయి. కేబుల్ ద్వారా అవి మన కాలనీలకు చేరినప్పుడు పెద్దలు ఎంత సంతోషించారో నాకు తెలుసు. బడిలో బంగ్లా, హిందీ, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు తెలుగు వినే భాగ్యం కలిగింది. మా అమ్మాయికి నేను నేర్పలేని తెలుగు మాటలెన్నో టీవీ నేర్పింది. ఆ మేలు కాదనరానిది. అయితే ఆ తెలుగు కృష్ణా గుంటూరుల తెలుగు, లేదా హైదరాబాదు స్టూడియోల తెలుగు. ఒకనాడు మా అమ్మ, "ఏటమ్మా, బువ్వ తినీసినావా?" అని మనుమరాలిని అడిగింది. ఆ పిల్ల నవ్వి, "ఏటి కాదు నాన్నమ్మా, ఏంటి అనాలి" అంది. దురుద్దేశం లేదు. నేను కూడ నవ్వాను. తరువాత కొన్నాళ్ళకు గమనించాను, మా అమ్మ ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు తడుముకొంటున్నది. అతిథులు వచ్చినప్పుడు అసలు మాట్లాడడం లేదు. వందేళ్ళు ఈ పరదేశంలో నిలుపుకొన్న మాటను తన ఇంటిలోనే తప్పుగా ఎంచుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

దీనికి కూడ వినయపిటకంలోనే సమాధానం ఉంది. బ్రాహ్మణకుటుంబాలలో పుట్టిన ఇద్దరు సోదర భిక్షువులు తథాగతుని సమీపించి, నానా కులాల నుండి, నానా ప్రాంతాల నుండి వచ్చిన భిక్షువులు తమ తమ పలుకుబడిలో బుద్ధవచనాన్ని చెడగొడుతున్నారనీ, దానిని ఛందస్సులో పెడతామనీ విన్నవించారు. ఆయన అంగీకరించలేదు. వారిని మందలించి, ఎవరి నుడిలో వారు ధమ్మాన్ని నేర్చుకోవచ్చునని అనుమతించినట్లు పెక్కుమంది పండితులు ఆ భాగాన్ని వివరిస్తారు. మన ధమ్మంలో 'ఏటి'కి చోటుంది. 1920లో డాక్టర్ అంబేద్కర్ తన తొలి పత్రికకు 'మూక్‌నాయక్' అని పేరు పెట్టడం ఊరకే కాదు. తరతరాలుగా మూగవారిగా ఉంచబడిన వారికి నోరు రావాలన్నది ఆయన సంకల్పం. అట్టి నోటిని మన ఇంటిలోనే, మన పిల్లల నవ్వుతో, మళ్ళీ మూయించరాదు.

ఇక కంప్యూటర్. మూడేళ్ళ క్రితం నేనూ ఒకటి కొన్నాను. ఐ.ఐ.టి. ఉన్న ఊరిలో కంప్యూటర్‌ను తప్పుపట్టడం సాహసమే, నాకు ఆ ఉద్దేశమూ లేదు. అది టీవీ వంటిది కాదు. తిరిగి అడగనిస్తుంది, జవాబిస్తుంది. 1936లో లాహోరు సభకోసం అంబేద్కర్ వ్రాసిన 'కులనిర్మూలన' ప్రసంగాన్ని ఆ సభవారు చదవనీయలేదు. శ్రోతలను నోచుకోని ఆ ప్రసంగం ఈనాడు కంప్యూటర్‌లో ఎవరైనా, ఎక్కడి నుండైనా చదువుకోవచ్చు. బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు వారం వారం ఈ-మెయిల్ వ్రాస్తున్నారు. పూర్వం ఉత్తరానికి పది రోజులు పట్టేది.

అయినా ఒక భేదముంది. మన స్టేషన్ మాస్టర్లకు బాగా తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఒక స్టేషను నుండి బండిని పంపాలంటే ముందు స్టేషనును లైన్ క్లియర్ అడగాలి. అవతలివారు విన్నారనుకొంటే చాలదు. వారు ప్రైవేట్ నంబరు చెప్పాలి, ఇవతలివారు దానిని వ్రాసుకోవాలి. అప్పుడే మాట పూర్తి అయినట్లు. అవతలి లైను ఖాళీగా ఉందో లేదో తెలియకుండ బండిని వదిలిపెట్టే స్టేషన్ మాస్టర్ లేడు. మన మాటలను మాత్రం అట్లే వదిలిపెడుతున్నాం. ఎదుటివాని మనస్సు ఖాళీగా ఉందా, దుఃఖంతో నిండి ఉందా అన్నది అక్షరాలలో కనబడదు. ముఖంలో కనబడుతుంది. సుభాషితానికి తథాగతుడు చెప్పిన లక్షణాలు అయిదు: సమయోచితం, సత్యం, మృదువు, హితకరం, మైత్రీచిత్తంతో కూడినది. సత్యాన్ని ఈ-మెయిల్‌లో కూడ వ్రాయవచ్చు. సమయం వచ్చిందా లేదా అన్నది తెలియాలంటే మాత్రం ఎదుటివాని వైపు తిరగాలి.

ఈ సందర్భంలో మన పొరుగు చరిత్రను కూడ స్మరిద్దాం. ఇక్కడికి దూరం కాని తమ్లుక్కే ప్రాచీన తామ్రలిప్తి. ఫాహియాన్ అక్కడ రెండేళ్ళుండి సూత్రగ్రంథాలకు ప్రతులు వ్రాసుకొన్నాడు. దాంతన్ వద్ద మొగల్మారిలో కలకత్తా విశ్వవిద్యాలయం వారి తవ్వకాలలో బౌద్ధ విహారం బయటపడింది. 7వ శతాబ్దంలో తామ్రలిప్తికి వచ్చిన ఇత్సింగ్ అక్కడి విహారంలో ఒక ఆచారం చూశాడు. ఏ విషయమైనా సంఘమంతా కలిసి నిర్ణయించవలసినదే. సంఘాన్ని అడుగక తనంతట తాను నిర్ణయించే భిక్షువును, వీడు కులపతివలె ప్రవర్తిస్తున్నాడని చెప్పి విహారం నుండి వెలివేసేవారు. కులపతి అనగా గృహయజమాని. ఎవరినీ అడగనివాడు అని ఆ మాటకు అర్థం వచ్చినందుకు గృహస్థులమైన మనం సిగ్గుపడాలి.

అందుచేత నేను ఒక చిన్న ప్రార్థన చేస్తాను. టీవీని అమ్మివేయమనను, కంప్యూటర్‌ను కట్టిపెట్టమనను. నెలకొక పౌర్ణమినాడు సాయంకాలం ఒక గంటసేపు రెండింటినీ ఆపండి. ఇంటిల్లిపాదీ ఎదురెదురుగా కూర్చోండి. పెద్దవారిని వారి బాల్యాన్ని గూర్చి ఒక ప్రశ్న అడగండి, వారు చెప్పినది వారి పలుకుబడిలోనే ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. చివర ప్రవారణ చేయండి. పెద్దవారు ముందుగా పిల్లలను అడగండి: నాలో మీకు కనబడిన లోపమేమిటి?

ఇతరులకు చెప్పేముందు మా ఇంటిలో ఇది మొదలుపెట్టాను. మొదటి పౌర్ణమినాడు మా అమ్మాయిని ఆ ప్రశ్న అడిగాను. నాన్నమ్మ మాటను నవ్వినందుకు తానే క్షమాపణ చెబుతుందని లోలోపల ఆశించాను. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, "నేను బడినుంచి వచ్చి ఏదైనా చెబితే నువ్వు కంప్యూటర్ చూస్తూ 'ఊఁ' అంటావు నాన్నా. నువ్వు వినలేదని నాకు తెలిసిపోతుంది. అందుకే చెప్పడం మానేశాను" అంది.

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ మాత్రం మనుమరాలి తల నిమిరి, "మీ తాత కూడా అదే అన్నాడే అమ్మా, మాకెవరికీ తెలవనేదు" అంది. చాలా రోజుల తరువాత ఆమె ఆ పిల్ల ఎదుట తడుముకోకుండ మాట్లాడింది. ఆ రాత్రి మా నోటుపుస్తకంలో మొదటి పుట నిండింది. అది మా అమ్మ పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన నాటి రైలు ప్రయాణం. మా అమ్మాయే వ్రాసింది. 'ఏటి'ని 'ఏటి' అనే వ్రాసింది.

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ బల్లను గోడ వైపు నుండి మార్చి, గది వైపు ముఖం పెట్టి కూర్చొనేట్లు వేసుకొన్నాను. నా ముఖం నా కుమార్తెకు కనబడుతున్నది, ఆమె ముఖం నాకు కనబడుతున్నది. ఇంతకంటె గొప్ప సాధన నేనేమీ చేయలేదు. 

భవతు సబ్బ మంగళం. జై భీమ్.